డాట్ (అమెరికా రవాణా శాఖ) డ్రగ్ టెస్టులో పాజిటివ్ వచ్చినవారు మళ్లీ ట్రక్కు నడపడానికి దారి ఏమిటి?

అట్లాంటా బావ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఉంటున్న మా బావమరిది తరఫున అడుగుతున్నాను. అతను గ్రీన్ కార్డు మీద ఉన్నాడు. క్లాస్ ఏ సీడీఎల్ (భారీ వాణిజ్య వాహనాల లైసెన్సు) తీసుకుని ఒక కంపెనీలో పద్దెనిమిది చక్రాల బండి నడుపుతున్నాడు. ఈమధ్య ర్యాండమ్ పరీక్షకు పిలిస్తే వెళ్లాడు, గంజాయికి పాజిటివ్ అని తేలింది. అతనికి సిగరెట్టు అలవాటు కూడా లేదు. రాత్రంతా బండి నడిపి పగలు నిద్ర పట్టక, పెట్రోలు బంకులో ‘హెంప్’ (గంజాయి జాతి మొక్క) అని రాసి ఉన్న గమ్మీలు కొని కొన్నాళ్లుగా తింటున్నాడట. ఆ డబ్బా మీద అది చట్టబద్ధమైన సరుకేనని అచ్చువేసి ఉంది. ఫలితాన్ని సమీక్షించే వైద్యుడు ఫోన్ చేసినప్పుడు అతను ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. ఆయన అంతా విని, అది వైద్య కారణం కిందికి రాదని చెప్పి పాజిటివ్‌గా ధ్రువీకరించారు. కంపెనీవాళ్లు ఆ రోజే బండి తాళాలు తీసుకుని, కొందరు కౌన్సెలర్ల పేర్లున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి ఇంటికి పంపించేశారు.

ఇప్పుడు తలో మాటా చెబుతున్నారు. బయట ఏదైనా ల్యాబులో సొంత డబ్బులతో పరీక్ష చేయించుకుని నెగెటివ్ కాగితం చూపిస్తే చాలని ఒకరు, ఏదో ఆన్‌లైన్ క్లాసు పూర్తిచేస్తే వారంలో బండి ఎక్కవచ్చని ఒకరు, ఇక ఈ దేశంలో స్టీరింగ్ పట్టుకునే అవకాశమే లేదని మరొకరు అంటున్నారు. లైసెన్సు విషయమై రాష్ట్రం నుంచి ఉత్తరం వస్తుందని కూడా విన్నాం. అసలు ఈ ప్రక్రియ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, దీనికి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, ఈ మచ్చ ఎన్నాళ్లు ఉంటుంది అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, అతని జీతమే ఆధారం.

ఇండియానా సేఫ్టీ డెస్క్ సమాధానం

అట్లాంటా బావ గారూ, నేను ఒక ట్రక్కింగ్ కంపెనీ సేఫ్టీ విభాగంలో పనిచేస్తున్నాను. డ్రైవర్లను పరీక్షలకు పంపించడం, క్లియరింగ్‌హౌస్‌లో (డ్రైవర్ల డ్రగ్ ఉల్లంఘనలు నమోదయ్యే ప్రభుత్వ ఆన్‌లైన్ పట్టికలో) వారి వివరాలు చూడటం నా రోజువారీ పని. ఒక్క పాజిటివ్‌తో జీవితకాల నిషేధం ఉండదు. అలాగని వారంలో తేలిపోయే వ్యవహారమూ కాదు.

బయట చేయించుకునే పరీక్ష ఊసు ముందు మరిచిపొమ్మనండి. పరీక్షా కేంద్రంలో అతని మూత్రాన్ని రెండు సీసాల్లోకి పంచి, అతని ఎదుటే సీలు వేసి ఉంటారు. పాజిటివ్ అని ధ్రువీకరించినట్టు వైద్యుడు చెప్పినప్పటి నుంచి 72 గంటల్లోపు రెండో సీసాను వేరే ల్యాబుకు పంపమని కోరే హక్కు అతనికి ఉంటుంది. డాట్ నియమాల్లో మరుపరీక్ష అంటే అదొక్కటే. అందులోనూ పెద్ద ఆశ పెట్టుకోవద్దు. మొదటి సీసాలో గంజాయి అవశేషం మిల్లీలీటరుకు 15 నానోగ్రాములకు చేరితేనే పాజిటివ్ అంటారు. రెండో సీసాలో మాత్రం ఆ పదార్థం ఉందా లేదా అన్నదే చూస్తారు, ఆ హద్దును లెక్కలోకి తీసుకోరు. వారం తర్వాత ఎక్కడో ఇచ్చిన నెగెటివ్ నమూనా ఆ రోజు సీసాలో ఉన్నదాన్ని మార్చలేదు కదా.

గమ్మీ డబ్బా మీద ఏం రాసి ఉన్నా ప్రయోజనం ఉండదు. హెంప్‌లో 0.3 శాతం వరకు టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉండవచ్చని 2018 నాటి వ్యవసాయ చట్టం అనుమతించింది గానీ, ఆ డబ్బాలో నిజంగా ఎంత ఉందో ప్రభుత్వం పరీక్షించి ముద్ర వేసిన సరుకు కాదు అది. సీబీడీ (హెంప్ నుంచి తీసే మరో పదార్థం) తిన్నానన్న కారణంతో పాజిటివ్‌ను నెగెటివ్‌గా మార్చడానికి వీల్లేదని 2020 ఫిబ్రవరిలోనే రవాణా శాఖ ప్రకటన ఇచ్చింది. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే అన్న వాదనకూ, వైద్యుడు సిఫారసు చేశాడన్న వాదనకూ 2009లోనూ 2012లోనూ ఇదే జవాబు చెప్పింది. కాబట్టి ఆ వైద్యుడు మీ బావమరిదికి అన్యాయం చేయలేదు. అలా తప్ప మరోలా ధ్రువీకరించే అధికారం ఆయనకు లేదు.

ఇక దారి సంగతి. వాళ్లు ఇచ్చిన కాగితంలో ఉన్నవి సాప్‌ల పేర్లు. సాప్ అంటే డాట్ అర్హత పరీక్ష పాసైన వైద్యుడో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో, వ్యసన కౌన్సెలరో అయి ఉంటారు. డ్రైవర్‌ను ఉద్యోగంలో ఉంచినా తీసేసినా ఆ పేర్లు ఇవ్వడం కంపెనీ బాధ్యత, ఫీజు కట్టడం మాత్రం బాధ్యత కాదు. అంటే ఖర్చు దాదాపుగా అతనిదే. ఆ జాబితాలోని వారినే ఎంచుకోవాలన్న నియమం కూడా లేదు. మొదటి భేటీకీ చివరి భేటీకీ కలిపి ఎంత, విడివిడిగా ఎంత అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోమనండి. ఇక్కడ చాలామంది రెండోసారి కట్టవలసి వచ్చినప్పుడు కంగుతింటున్నారు. 2023 నుంచి వీడియోలో ముఖాముఖిగా మాట్లాడే భేటీలకు కూడా అనుమతి ఉంది గనుక దూరాభారం పడనవసరం లేదు, అయితే ఆ సాప్ లైసెన్సు అతను ఉన్న రాష్ట్రంలో చెల్లుతుందో లేదో కనుక్కోవాలి.

అతను క్లియరింగ్‌హౌస్‌లో తన పేరిట ఖాతా తెరిచి, అందులోనే ఆ సాప్‌ను ఎంచుకోవాలి, సాప్ దాన్ని అంగీకరించాలి. మొదటి భేటీలో మాట్లాడి, చదువు (మత్తు గురించిన తరగతులు) కావాలో చికిత్స కావాలో రెండూ కావాలో సాప్ నిర్ణయిస్తారు. ‘మీకేమీ అవసరం లేదు, వెళ్లండి’ అనే వెసులుబాటు సాప్‌కు కూడా లేదు. నియమం ఉల్లంఘించిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి సూచించి తీరాలి. చెప్పినదంతా పూర్తిచేసిన తర్వాత అదే సాప్ మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడి, సరిగా పాటించారని నమ్మకం కుదిరితే, రిటర్న్ టు డ్యూటీ పరీక్షకు, అంటే తిరిగి బండి ఎక్కే ముందు ఇచ్చే డ్రగ్ టెస్టుకు, అర్హుడని క్లియరింగ్‌హౌస్‌లో నమోదు చేస్తారు. మీకు చెప్పిన ఆన్‌లైన్ క్లాసు ఈ మధ్య దశలో సాప్ సూచిస్తే పనికొస్తుంది. సాప్‌ను కలవకముందే కొనుక్కున్న సర్టిఫికెట్టు ఎందుకూ పనికిరాదు.

రెండు సంగతులు మనవాళ్లు తరచుగా పొరబడతారు. ఒక సాప్ చెప్పింది నచ్చక మరో సాప్ దగ్గరికి వెళ్లి తేలికైన సిఫారసు తెచ్చుకోవడాన్ని నియమాలు నేరుగా నిషేధించాయి. అలాగే, చాలామంది సాప్ చివరి ఉత్తరం చేతికి రాగానే అంతా అయిపోయిందనుకుంటారు. క్లియరింగ్‌హౌస్‌లో అతని పేరు ఎదుట ‘నిషేధం’ అన్న మాట అప్పటికీ అలాగే ఉంటుంది. రిటర్న్ టు డ్యూటీ పరీక్ష నెగెటివ్ అని నమోదైతేనే అది పోతుంది, ఆ పరీక్షకు పంపే అధికారం ఉద్యోగమిచ్చే కంపెనీకి మాత్రమే ఉంది. తనంతట తాను వెళ్లి ఇచ్చే పరీక్ష లెక్కకు రాదు. నా అనుభవంలో ఎక్కువమంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే. అందుకే చికిత్స సాగుతుండగానే, పరీక్షకు పంపి పనిలోకి తీసుకునే కంపెనీ కోసం వెతకడం మొదలుపెట్టమనండి.

మీరు విన్న ఉత్తరం నిజమే. 2024 నవంబర్ 18 నుంచి, క్లియరింగ్‌హౌస్‌లో నిషేధం ఉన్న డ్రైవర్ సీడీఎల్‌ను రాష్ట్రాలు 60 రోజుల్లోగా మామూలు లైసెన్సు స్థాయికి దించవలసి ఉంది. అది పూర్తయ్యేలోపే నిషేధం తొలగిపోతే రాష్ట్రం ఆ చర్యను ఆపేస్తుంది. దించేసిన తర్వాత తొలగితే, తిరిగి ఇవ్వడానికి ఏ పత్రాలు, ఎంత ఫీజు అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఆ గడువు దృష్ట్యా అయినా సాప్‌ను ఈ వారమే కలవడం మంచిది.

హైవే 35 సమాధానం

ఇంత తతంగం ఎందుకండీ. ఓక్లహోమాలోనో ఇంకో రాష్ట్రంలోనో అడ్రసు చూపించి కొత్తగా సీడీఎల్ తీసుకుంటే పాత రాష్ట్రం సంగతి ఎవరికీ తెలియదు. లేదంటే రెండు మూడు బండ్లున్న చిన్న ఓనర్ల దగ్గర చేరితే ఇవన్నీ అడగరు, వాళ్లకు డ్రైవర్ దొరకడమే కష్టం. మా స్నేహితుడు ఒకడు కొన్నేళ్ల క్రితం అలాగే నెట్టుకొచ్చాడు.

నాలుగు బండ్ల ఓనరు సమాధానం

హైవే 35 గారూ, మీ స్నేహితుడి కాలం వేరు. 2020 జనవరి 6న క్లియరింగ్‌హౌస్ మొదలయ్యేవరకు, పాత కంపెనీ పేరు దరఖాస్తులో రాయకపోతే కొత్త కంపెనీకి తెలిసే మార్గం లేకపోయేది, ఆ సందులోంచే చాలామంది జారుకున్నారు. ఆ సందు మూయడానికే దేశమంతటికీ ఒకే పట్టిక పెట్టారు. ఇప్పుడు లైసెన్సు ఇచ్చే ముందు ఏ రాష్ట్రమైనా ఆ పట్టిక చూడాలి. మీరన్న చిన్న ఓనరును నేనే. డ్రైవర్‌ను చేర్చుకునే ముందు అతని ఎలక్ట్రానిక్ అనుమతితో పూర్తి వివరాలు చూడాలి, చేరిన తర్వాత ఏడాదికొకసారి మళ్లీ చూడాలి. చూడకుండా బండి ఇస్తే ఆడిట్‌లో జరిమానా నాకు పడుతుంది. ప్రమాదం జరిగిందంటే, నిషేధంలో ఉన్న మనిషి చేతికి బండి ఇచ్చానన్న ఒక్క కాగితంతో అవతలి లాయరు నా నాలుగు బండ్లూ ఇల్లూ పట్టుకుపోతాడు. దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి.

బావ గారూ, మీ బావమరిది లాంటి పరిస్థితి నుంచి వచ్చిన ఒక డ్రైవర్‌ను నేను పనిలోకి తీసుకున్నాను గనుక ఓనరు వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను. సాప్ సరేనన్నంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం ఏ కంపెనీకీ లేదు. పెద్ద కంపెనీల్లో చాలావాటికి సొంత విధానాలుంటాయి, దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. వాటి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. మాలాంటి చిన్నవాళ్లం కూడా ముందుగా అడిగేది బీమా కంపెనీని. వాళ్లు ఆ పేరును ఒప్పుకుంటేనే మిగతా మాటలు. కాబట్టి అతను ఫోన్ చేసేటప్పుడు మొదటి రెండు నిమిషాల్లోనే విషయం చెప్పేయాలి: ఉల్లంఘన జరిగిన తేదీ, సాప్ ప్రక్రియ ఏ దశలో ఉంది, రిటర్న్ టు డ్యూటీ పరీక్షకు పంపగలరా అన్న ప్రశ్న. నా దగ్గరికి వచ్చిన డ్రైవర్ అలాగే అడిగాడు. అంతకుముందు వారం మరొకాయన గంటసేపు తన అనుభవమంతా వర్ణించి, వివరాలు చూడటానికి అనుమతి నొక్కమనేసరికి ఫోన్ పెట్టేశాడు. దాచేదేమీ మిగలదని తెలిసినవాడితో మాట్లాడటం మాకూ తేలిక.

పరీక్ష గురించి మగవాళ్లకు ముందే చెప్పి పంపాలి, ఆడవాళ్లకూ అంతే. రిటర్న్ టు డ్యూటీ పరీక్షా, ఆ తర్వాతి ఫాలో-అప్ పరీక్షలూ అన్నీ కళ్లెదుట ఇవ్వవలసినవే. అదే లింగానికి చెందిన పరిశీలకుడు లోపలికి వస్తాడు. చొక్కా నడుము పైకి ఎత్తి, ప్యాంటు, లోదుస్తులు తొడల మధ్య వరకు దించి, ఒకసారి చుట్టూ తిరిగి చూపించాలి. వేరొకరి మూత్రం దాచి తెచ్చే గొట్టాలు, సంచులు ఒంటికి కట్టుకోలేదని తేలాక, మూత్రం శరీరం నుంచి సీసాలోకి పడేదాకా ఆయన చూస్తూనే ఉంటాడు. మా డ్రైవర్ గోదావరి జిల్లా మనిషి, నలభై దాటినవాడు. ఈ మాట చెప్పినప్పుడు తల దించుకుని కాసేపు పలకలేదు. కానీ అవమానంగా ఉందని మధ్యలో బయటికి వచ్చేస్తే దాన్ని నిరాకరణ అంటారు, నిరాకరణ మరో ఉల్లంఘన కింద లెక్క, మళ్లీ సాప్ దగ్గర మొదటి నుంచి మొదలు. భయంతో వెంటనే మూత్రం రాకపోతే అదేమీ నేరం కాదు. మూడు గంటల సమయం ఇస్తారు, ఆ వ్యవధిలో 40 ఔన్సుల వరకు నీళ్లు తాగవచ్చు. కేంద్రం వదిలి వెళ్లకుండా కూర్చోవాలి.

పనిలో చేరిన తర్వాత మొదటి పన్నెండు నెలల్లో కనీసం ఆరు ఫాలో-అప్ పరీక్షలు ఉంటాయి. సాప్ అంతకంటే ఎక్కువ పెట్టవచ్చు, మొత్తం 60 నెలల వరకు సాగించవచ్చు. ఆ పరీక్షల పట్టిక సాప్ నాకు పంపిస్తారు, డ్రైవర్‌కు చూపించరు. మధ్యలో ర్యాండమ్ పరీక్ష వచ్చినా అది వేరే, వీటిలో కలపడానికి లేదు. కంపెనీ మారితే పట్టిక కూడా వెంట వస్తుంది, మధ్యలో కొన్ని నెలలు ఖాళీగా ఉన్నంత మాత్రాన తరిగిపోదు.

అట్లాంటా బావ

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అతను ఈ రోజే క్లియరింగ్‌హౌస్‌లో ఖాతా తెరిచాడు, ఇద్దరు సాప్‌లతో ఫోన్‌లో మాట్లాడి ఒకరిని ఎంచుకున్నాడు. రెండో సీసాకు గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంకొన్ని సందేహాలు మిగిలాయి. ఏ కంపెనీ తీసుకోకపోతే, తన పేరు మీదే అథారిటీ (సొంతంగా సరుకు రవాణా నడిపే ప్రభుత్వ అనుమతి) తీసుకుని సెకండ్‌హ్యాండ్ బండి కొంటే ఆ పరీక్షకు తానే వెళ్లవచ్చా? గమ్మీల మాట సాప్‌కు చెప్పాలా, చెబితే వ్యసనపరుడని రాసేస్తారేమోనని మా చెల్లెలు భయపడుతోంది. ఇంట్లో గసగసాలు వేసి వండే కూరలు కూడా మానేయాలా అని కూడా తనే అడిగింది. వచ్చే ఏడాది పౌరసత్వానికి దరఖాస్తు చేద్దామనుకున్నాడు, దానికేమైనా అడ్డమా?

ఒహాయో కౌన్సెలర్ సమాధానం

నేను లైసెన్సున్న సోషల్ వర్కర్‌ను. సాప్‌ను కాను, కానీ సాప్‌లు పంపించిన డ్రైవర్లకు తరగతులు, గ్రూపు సమావేశాలు నడుపుతాను. మీ చెల్లెలి భయం నాకు అర్థమవుతుంది. మన ఇళ్లల్లో ఇలాంటి మాట బయటపడితే పిల్లల పెళ్లిళ్ల దాకా ఆలోచిస్తారు.

సాప్ డ్రైవర్ పక్షం కాదు, కంపెనీ పక్షమూ కాదు. రోడ్డు మీద ప్రయాణించే జనం తరఫున కూర్చున్న మనిషి. ఈ సంగతి తెలియక, ‘నా ఫీజు తీసుకుని నన్నే అనుమానిస్తారా’ అని అలిగేవాళ్లను చూస్తుంటాను. భేటీలో అడిగేవి ఊహించదగ్గవే: ఏం తీసుకున్నారు, ఎంత, ఎన్నాళ్లుగా, దేనికోసం, ఇంట్లో పరిస్థితి ఏమిటి, మద్యం సంగతేమిటి, నిద్ర ఎలా పడుతోంది. మీ బావమరిది గారి విషయంలో అసలు కథ నిద్రలోనే ఉంది. రాత్రి బండి, పగటి నిద్ర, దానికోసం గమ్మీ. ఆ మాట దాచిపెట్టి ‘ఎలా వచ్చిందో నాకు తెలియదు’ అంటే, ల్యాబు ఫలితం ఎదురుగా పెట్టుకున్న సాప్‌కు ఆయన ఇంకా ఒప్పుకునే స్థితికి రాలేదనిపిస్తుంది, సిఫారసు బరువెక్కుతుంది. ఉన్నది చెబితే, చాలా సందర్భాల్లో కొన్ని గంటల చదువుతో సరిపెట్టడానికి ఆస్కారం ఉంటుంది. సరిపెడతారని నేను మాట ఇవ్వలేను, అది పూర్తిగా ఆ సాప్ నిర్ణయం. కొత్త సమాచారం తెలిస్తే మొదటి సిఫారసును మార్చే అధికారం కూడా ఆ సాప్‌కే ఉంటుంది. సాప్ తన సొంత సంస్థకే చికిత్స కోసం పంపడం సాధారణంగా నిషిద్ధం. అలా జరుగుతున్నట్టు అనిపిస్తే కారణం అడగండి.

తరగతులకు ఆలస్యంగా రావద్దని చెప్పండి. మేము హాజరు, ప్రవర్తన, అర్థం చేసుకున్న తీరు రాసి సాప్‌కు పంపుతాం. బండిలో కూర్చుని వీడియో ఆపేసి పేరు మాత్రం కనబడేలా పెట్టే పెద్దమనుషులు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. వారి చివరి భేటీ ఎప్పుడూ ఒకసారితో ముగియదు. ఇంకొక ముఖ్యమైన సంగతి, గంజాయి అవశేషం కొవ్వులో నిలువ ఉండి మెల్లగా బయటికి వస్తుంది గనుక, రోజూ తిన్నవారికి వారాల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు. రిటర్న్ టు డ్యూటీ పరీక్షలో పాజిటివ్ వస్తే అది రెండో ఉల్లంఘన అవుతుంది. మందుల దుకాణంలో దొరికే కిట్టుతో ఇంట్లో చూసుకోవడం అధికారికంగా చెల్లదు గానీ, ఎప్పుడు సిద్ధమో అంచనా వేసుకోవడానికి పనికొస్తుంది. ఆ మిగిలిన గమ్మీలు పారేశారో లేదో కూడా కనుక్కోండి.

ఏప్రాన్ మెకానిక్ సమాధానం

నాది విమానాల మరమ్మతు పని, అందుకని ఒక్క సంగతి చేర్చి తప్పుకుంటాను. పైన చెప్పిన క్లియరింగ్‌హౌస్ ట్రక్కులు, బస్సుల సీడీఎల్ డ్రైవర్లకు మాత్రమే. విమానాలు, రైళ్లు, నగర రవాణా, పైపులైన్లు అన్నింటికీ సాప్ ప్రక్రియ ఒకటే అయినా, అక్కడ కొత్త యజమాని పాత యజమానులకు రాసి గత రెండేళ్ల ఫలితాలు అడిగి తెలుసుకుంటాడు. కాబట్టి ట్రక్కు వదిలి సిటీ బస్సులోనో మరోచోటనో చేరదామనుకున్నా ఈ విషయం వెంట వస్తుంది, సాప్ ప్రక్రియ పూర్తికాకుండా అక్కడా పని ఇవ్వరు. మా రంగంలో ఇంకా కఠినం. రెండోసారి పాజిటివ్ ధ్రువపడితే, అప్పటిదాకా చేస్తున్న ఆ భద్రతా విధులకు శాశ్వతంగా దూరమే.

గమ్మీకి ఇంత శిక్షా అని మా షెడ్డులో కూడా వాదన వస్తుంటుంది. 1987 జనవరి 4న మేరీల్యాండ్‌లోని చేజ్ దగ్గర కాన్‌రైల్ ఇంజన్లు సిగ్నల్ దాటివచ్చి ఆమ్‌ట్రాక్ రైలుకు అడ్డంపడ్డాయి, 16 మంది చనిపోయారు. ఆ ఇంజన్ల సిబ్బంది గంజాయి తాగి ఉన్నట్టు తేలింది. 1991 నాటి పరీక్షల చట్టం అక్కడినుంచి వచ్చింది. అందుకే రాష్ట్రాలు ఏ చట్టం చేసుకున్నా ఈ విషయంలో కేంద్ర ప్రభుత్వం మెత్తబడలేదు.

ఇండియానా సేఫ్టీ డెస్క్

మిగిలిన సందేహాలకు నాకు తెలిసినంతలో చెబుతాను. సొంత అథారిటీ ఉన్న ఓనర్ ఆపరేటర్‌కు తానే యజమాని, తానే డ్రైవర్. అలాంటివారు తమను తాము పరీక్షకు పంపుకోవడానికి వీల్లేదు గనుక ఒక కన్సార్టియంలో (యజమానుల తరఫున డ్రగ్ పరీక్షలు నడిపే సంస్థలో) చేరి, దాన్ని క్లియరింగ్‌హౌస్‌లో తమ ప్రతినిధిగా చూపించాలి. రిటర్న్ టు డ్యూటీ పరీక్షకు పంపేదీ, ఫలితం నమోదు చేసేదీ, ఫాలో-అప్ పట్టిక నడిపేదీ ఆ కన్సార్టియమే. దారి సక్రమమైనదే, చాలామంది వాడుకుంటున్నారు. కానీ వేరే కంపెనీకి బండి లీజుకిచ్చి వారి అథారిటీ కింద నడిపేవారికి ఇది వర్తించదు, అక్కడ పరీక్షకు పంపవలసింది ఆ కంపెనీయే. కొత్త అథారిటీకి బీమా ప్రీమియం ఎంత పడుతుందో రాతలో తెచ్చుకున్న తర్వాతే బండికి అడ్వాన్సు ఇవ్వమనండి. ఉద్యోగం లేని డ్రైవర్లకు ‘మేమే రిటర్న్ టు డ్యూటీ పరీక్ష చేసి పెడతాం’ అని ప్రకటనలిచ్చేవారు కనబడతారు. అథారిటీ లేదు, ఉద్యోగమిచ్చే కంపెనీ లేదు అన్నప్పుడు ఆ పరీక్షకు విలువ ఉండదు, డబ్బు పోతుంది.

గసగసాల గురించి మీ చెల్లెలు అడిగింది మంచి ప్రశ్న. వాటికీ గంజాయికీ సంబంధం లేదు, కానీ వాటిలో మార్ఫిన్, కోడీన్ జాడలు ఉండే మాట నిజం. మూత్రంలో ఆ మోతాదు మిల్లీలీటరుకు 15,000 నానోగ్రాములకు లోపు ఉంటే, మత్తుమందు వాడినట్టు వేరే వైద్య ఆధారం దొరికితే తప్ప సమీక్షించే వైద్యుడు పాజిటివ్ అనడు. ఆపైన మాత్రం ఆహారం వల్ల వచ్చిందన్న మాట చెల్లదు. 2023లో అమెరికా రక్షణ శాఖ తన సైనికులను గసగసాలు తినవద్దని హెచ్చరించింది. ఫాలో-అప్ పరీక్షలు ఏ రోజు వస్తాయో తెలియని మనిషి ఉన్న ఇంట్లో, కొన్నాళ్లు కూరలో జీడిపప్పు ముద్ద వేసుకుంటే పోయేదేమీ లేదు. అంతకంటే ముఖ్యంగా, ఊరి నుంచి తెచ్చుకున్న దగ్గు మందులు, నొప్పి మాత్రలు వేసుకునే ముందు సీసా మీది పేర్లు చదవమనండి. ఇండియాలో వాడిపారేసే కొన్ని మందుల్లో కోడీన్, ట్రమడాల్ ఉంటాయి. వీటిలో కోడీన్ ఈ పరీక్షల్లో చూసే మందు.

పౌరసత్వం సంగతి నా పరిధి కాదు. పరీక్షలో పాజిటివ్ రావడం నేరారోపణ కాదు, శిక్ష అంతకన్నా కాదు. అయితే రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన వ్యవహారాలు సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ తన విధాన పత్రంలో చేర్చింది. దరఖాస్తు నింపకముందే, దేశం దాటే ప్రయాణం పెట్టుకోకముందే, ఇమిగ్రేషన్ లాయరుకు డబ్బులిచ్చి ఒక గంట మాట్లాడుకోవడం మంచిది. అక్కడ ఏ ప్రశ్నకు ఏ జవాబివ్వాలో మాబోటివాళ్లం చెప్పకూడదు.

ఇక మచ్చ ఎన్నాళ్లన్న మీ మొదటి ప్రశ్న మిగిలిపోయింది. ఉల్లంఘన నిర్ధారించిన తేదీ నుంచి ఐదేళ్లు, లేదా ఫాలో-అప్ పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా, ఈ రెండిటిలో ఏది ఆలస్యమైతే అప్పటివరకు క్లియరింగ్‌హౌస్‌లో ఉంటుంది. ప్రక్రియ మధ్యలో వదిలేస్తే ఐదేళ్లు గడిచినా పోదు. నిషేధం తొలగిన తర్వాత చూసే కంపెనీలకు పాత ఉల్లంఘనతో పాటు అది పరిష్కారమైన తేదీ కూడా కనబడుతుంది. అప్పటిదాకా ఆదాయం కోసం అదే కంపెనీని డిస్పాచ్ పనో ఆఫీసు పనో ఇవ్వమని అడగవచ్చు. ఇచ్చినా సీడీఎల్ బండి లోడింగు, తనిఖీ లాంటివాటి జోలికి పోకూడదు, అవి కూడా భద్రతా విధుల కిందికే వస్తాయి. సాప్ మొదటి భేటీ తేదీ ఖరారైందా? అది క్లియరింగ్‌హౌస్‌లో కనబడిన తర్వాత, ఆ రాష్ట్రంలో రిటర్న్ టు డ్యూటీ డ్రైవర్లను తీసుకునే కంపెనీల గురించి ఇక్కడే విడిగా ఒక ప్రశ్న పెట్టండి, టెక్సస్‌లో నడిపేవాళ్లు చెబుతారు.